బావగారు చూడాలనుకున్న టేకు

ఆ రోజు మధ్యాహ్నం పడవ మీద నేను నోరు మూసుకుని టీ తాగాను. నా పొరపాటుకి నా వియ్యంకుడు చీవాట్లు తింటున్నారు. నాకు రెండడుగుల దూరంలో, ఇంకా తడి ఆరని డైవింగ్ సూట్‌లో, తల వంచుకుని నిలబడి వింటున్నారు. నేను కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట చెబితే చాలు, ఆ చీవాట్లు నా వైపు తిరిగేవి. ఆ మాట చెప్పలేదు. టీలో పంచదార ఎక్కువైందని అనుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

మాల్దీవుల్లో ఏడు రోజుల పడవ ప్రయాణం అది. తిండీ నిద్రా పడవలోనే. రోజుకి రెండు మూడుసార్లు వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగడం. నేను విజయవాడ గుణదలలో పుట్టాను. ఈత ఏలూరు కాలువలో నేర్చుకున్నాను. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు కాలువల మీద తిరిగి రిటైరయ్యాను. అరవై ఒకటో ఏట ఇలాంటి సెలవు నా అంతట నేను కోరుకున్నది కాదు. నా కొడుకు, కోడలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు. వాళ్ళకి ఈ డైవింగ్ పిచ్చి ఉంది. ఇద్దరి తండ్రుల్నీ కూడా దింపాలని పట్టుబట్టి, విజయవాడలో ఒక ఈత కొలనులో పది రోజులు, విశాఖలో సముద్రంలో నాలుగు రోజులు నేర్పించారు. మాకు కార్డులు వచ్చాక పడవలో నాలుగు చోట్లు తీసుకున్నారు. తీరా బయలుదేరే నెలలో కోడలికి నెల తప్పింది. డాక్టరు నీళ్ళలోకి దిగొద్దన్నారు. కొడుకు ఆమెతో ఉండిపోయాడు. "మీరిద్దరూ వెళ్ళి రండి, వారం రోజులు ఇక్కడ మేమూ కాస్త ఊపిరి పీల్చుకుంటాం," అంది మా ఇంటావిడ. అలా ఇద్దరు వియ్యంకులం మిగిలాం.

మా వియ్యంకుడిది బందరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. వాళ్ళ నాన్న సముద్రం మీద వల వేసిన మనిషి. ఈయన వల వదిలేసి చేపల వ్యాపారంలోకి వచ్చారు. రేవులో సరుకు పాడుకుని, ఐసు పెట్టెల్లో విజయవాడకి పంపేవారు. మేం క్యాథలిక్కులం, వాళ్ళు హిందువులు. పిల్లలు ఇష్టపడ్డారు కాబట్టి మూడేళ్ళ క్రితం పెళ్ళి గుణదలలో చర్చిలో ఒకసారి, బందరు రోడ్డులో ఫంక్షన్ హాల్లో ఒకసారి జరిగింది. వయసులో ఆయన నాకన్నా రెండేళ్ళు పెద్ద. అయినా ఆడపిల్ల తండ్రి. నేను కూర్చున్నాక గానీ ఆయన కూర్చోరు. నేను మాట్లాడుతుంటే తన మాట సగంలో ఆపేస్తారు. నాకది మర్యాదగానే కనిపించేది, అలవాటైపోయింది.

ఆయనతో ప్రయాణం మాత్రం సరదాగా ఉంటుంది. మొదటి రోజు రబ్బరు సూట్ ఎక్కించుకోలేక డెక్ మీద కుంటుతూ, "ఇది తొడుక్కోవటం కన్నా అమ్మాయి పెళ్ళి చేయటమే తేలికగా ఉందండీ బావగారూ," అన్నారు. పొద్దున్నే కొబ్బరి కోరు, చేప తునకలు కలిపి రొట్టెతో పెడితే, "పొద్దున్నే చేపా! మా అమ్మకి తెలిసుంటే ఈ దేశానికే కోడలిగా వచ్చేదండి," అన్నారు. మొదటి డైవ్ అయ్యి పైకి రాగానే మాస్క్ నుదుటి మీదకి తోసుకుని, "ఆ వంజరాలు పక్కనించే పోతంటే నోరూరిందండి. నోట్లో గొట్టం ఉంది కాబట్టి మర్యాద దక్కింది," అన్నారు. పడవలో వేరే దేశాల వాళ్ళు ఆరుగురు ఉన్నారు. వాళ్ళకి తెలుగు రాదు, అయినా ఆయన నవ్వితే నవ్వేవారు.

ఆయన ఆ పడవ ఎక్కింది ఒక్క చేప కోసం. రేవు వాళ్ళు దాన్ని టేకు అంటారు. చాప పరిచినంత వెడల్పుగా, రెక్కలతో ఉంటుంది. ఆరో రోజు పొద్దున ఆఖరి డైవ్, పెద్ద టేకులు వచ్చే చోట అని ముందే చెప్పారు. ఆ సంగతి విన్నప్పటినుంచీ ఆయన రోజులు లెక్కపెడుతున్నారు.

"మా నాన్న వలలో టేకు పడితే ఊరంతా వచ్చేవాళ్ళండి," అన్నారు ఒక సాయంత్రం రెయిలింగ్ దగ్గర. "నలుగురు మోసుకొచ్చి ఇసక మీద పడేసేవాళ్ళు. చచ్చిన దాన్నే చూశాను నేను. అరవై ఏళ్ళు చేప మధ్యనే బతికాను, అన్నీ చచ్చినయ్యే. నీళ్ళల్లో అది ఎట్టా ఉంటదో ఒక్కసారి చూడాలనుందండి. మా డాక్టరు బీపీ చూసి ఈ ఒక్కసారికే సంతకం పెట్టాడు. మళ్ళీ అడగొద్దన్నాడు."

నేను ఫోన్ చూసుకుంటూ "ఆఁ, చూద్దాం, చూద్దాం," అన్నాను.

డైవింగ్‌లో ఎవరూ ఒంటరిగా దిగరు. ఇద్దరిద్దరు జంటగా దిగాలి. దిగే ముందు ఒకరినొకరు తడిమి చూసుకోవాలి. జాకెట్‌లోకి గాలి ఎక్కుతోందా, నడుముకి కట్టిన బరువుల బెల్టు గట్టిగా ఉందా, బకిల్స్ పడ్డాయా, సిలిండర్ పూర్తిగా తెరిచి ఉందా. గాలి చూడడానికి ఒక పద్ధతి ఉంది. నేను మౌత్‌పీస్‌తో నాలుగుసార్లు ఊపిరి పీలుస్తుంటే, నా జతగాడు నా గేజ్ ముల్లు చూడాలి. ముల్లు కదలకపోతే సరే. పీల్చినప్పుడల్లా పడి లేస్తుంటే సిలిండర్ సరిగ్గా తెరవలేదని అర్థం. కొలనులో మాకు మొదట నేర్పింది ఇదే.

మొదటి రోజు ఆయన నా ముందుకొచ్చి నా బెల్టు మీద చెయ్యి వేశారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "నేను చూసుకున్నానండీ," అన్నాను. ఆయన చెయ్యి వెంటనే తీసేశారు. విశాఖలో కొడుకు నన్ను తడిమి చూసినప్పుడు నాకేం అనిపించలేదు. ఈయన చెయ్యి నడుం మీద పడేసరికి, నేను చేసింది సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఈయనెవరు అనిపించింది. ఆ మాటలతో అనుకోలేదు గానీ, ఒళ్ళు వెనక్కి జరిగింది. ఆఫీసులో నేను వేసిన లెక్కలు నా కింది వాళ్ళెవరూ తిరిగి చూసేవారు కాదు. మగపెళ్ళివారి పెద్దగా మూడేళ్ళ నుంచీ నన్ను ఎవరూ ఇదేంటని అడగలేదు. ఈ రెండు అలవాట్లూ కలిసి పనిచేసి ఉంటాయి.

ఆ తర్వాత ప్రతి డైవ్‌కీ అదే తంతు. ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడేవారు. చేతులు కొంచెం లేపి నా మొహం చూసేవారు. "అయిందండీ, అయింది," అనేవాణ్ణి. ఆయన గైడ్ వైపు తిరిగి అంతా బాగానే ఉందని సైగ చేసేవారు. నేనూ ఆయన్ని ముట్టుకుని చూడలేదు. దూరం నుంచి తలాడించేవాణ్ణి. తన సామాను తనే రెండుసార్లు చూసుకోవడం నాకు కనబడుతూనే ఉండేది.

గైడ్ కొలంబో వైపు ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. మాతో ఇంగ్లీషులో మాట్లాడేది. మాట తక్కువ. మేం చేసే ఈ సగం సైగలు ఆవిడ కంట పడకుండా, పక్కవాళ్ళు అడ్డంగా ఉన్నప్పుడే చేసేవాళ్ళమని ఇప్పుడు తడుతోంది.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం ఎక్కువైంది. ఆవలిస్తూ సిలిండర్ మూత తిప్పాను. కొంచెం తిరిగాక చెయ్యి ఆగింది. తెరుచుకుందనుకున్నాను. ఆయన వచ్చి నిలబడ్డారు. "అయిందండీ," అన్నాను. దిగాం.

పైన ఉన్నంతసేపు ఊపిరి బాగానే ఆడింది. లోతుకి వెళ్ళేకొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి. ఆ కొంచెం తెరిచిన దారిలో అంత గాలి రాదు. పద్దెనిమిది మీటర్ల దగ్గర పీలుస్తుంటే, గొట్టం చివర ఎవరో బొటనవేలు పెట్టి మూస్తున్నట్టు అయింది. ఇంకోసారి పీల్చాను. సగమే వచ్చింది. గైడ్, మిగతావాళ్ళు ముందు వెళ్తున్నారు. నేర్చుకున్నదేదీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. పైకి తన్నడం మొదలుపెట్టాను.

అలా పైకి దూసుకుపోతే ప్రాణం మీదకి వస్తుంది. రక్తంలో గాలి బుడగలు కడతాయి. అది ఆయనకి గుర్తుంది. నా జాకెట్ పట్టీ దొరకబుచ్చుకుని కిందకి లాగారు. ప్రతి ఒక్కరి దగ్గరా జతగాడి కోసం పసుపు రంగు మౌత్‌పీస్ ఇంకొకటి ఉంటుంది. తనది తీసి నా నోట్లో పెట్టారు. నా మాస్క్‌కి తన మాస్క్ దాదాపు ఆనించి, అరచెయ్యి కిందకీ పైకీ ఆడిస్తూ, నెమ్మదిగా, నెమ్మదిగా అని చూపించారు. ఆయన కళ్ళు పెద్దవిగా, మామూలుగా ఉన్నాయి. నేను ఆయన్ని తన్నాను కూడా. ఆయన మోకాలి కింద గీరుకుపోయిందని తర్వాత చూశాను. అయినా ఉండాల్సినదాని కంటే తొందరగానే పైకి తేలాం. మధ్యలో ఆగాల్సిన చోట నేను ఆగనివ్వలేదు.

పడవ ఎక్కాక ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. అరగంట తర్వాత, ఎవరికీ ఏం కాలేదని తేలాక, గైడ్ నా సిలిండర్ దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి వేసి తెరిచే వైపుకి తిప్పింది. ఇంకా మూడు చుట్లు తిరిగింది. అప్పుడు మా వైపు తిరిగింది.

"దిగే ముందు ఇది ఎవరు చూశారు?"

నేను ఏదో అనబోయాను. అనబోయానని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన నాకన్నా ముందు మాట్లాడారు.

"నాదేనండీ తప్పు. నేను సరిగ్గా చూడలేదు," అన్నారు తన ఇంగ్లీషులో.

"చూడలేదా, చూసి గమనించలేదా?"

"చూడలేదండీ."

"ఎందుకు?"

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. "మర్చిపోయాను," అన్నారు.

ఆవిడ గొంతు పెంచలేదు. జతగాణ్ణి చూడని మనిషి ఇద్దరినీ చంపుతాడని, తన పడవలో అలాంటి మనిషిని దింపనని చెప్పింది. రేపంతా ఇద్దరికీ విశ్రాంతి. ఎల్లుండి ఆఖరి డైవ్‌కి, ఒంట్లో బాగుంటే, నన్ను తన జంటగా తీసుకెళ్తానంది. ఆయన మాత్రం ఇక దిగనక్కర్లేదు. ఆయన "సరేనండీ," అన్నారు. వంటాయన నాకు ఇంకో టీ తెచ్చి ఇచ్చి భుజం తట్టాడు. చావు తప్పించుకున్నవాణ్ణి కదా. ఆ టీ కూడా తాగాను.

ఇలా ఆయన నా తప్పు నెత్తిన వేసుకోవడం అది మొదటిసారి కాదు. పెళ్ళి రోజు బందరు నుంచి వాళ్ళ బంధువుల బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. రిసెప్షన్ టైం వాళ్ళకి తప్పు చెప్పింది నేను. మా వాళ్ళు ఆకలితో సణుగుతుంటే ఈయన హాల్లో ప్రతి వరసకీ వెళ్ళి, చేతులు జోడించి క్షమాపణ చెప్పారు. నేను స్టేజీ మీద నిలబడి చూశాను. నాకు మా ఇంటావిడ గుర్తు చేసేదాకా టైం సంగతి తట్టలేదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. తట్టింది. హాల్లో ఆయన మూడో వరసలో ఉండగానే తట్టింది.

ఐదో రోజు ఆయన డెక్ మీద నీడలో కూర్చుని, వంటాయనతో చేతుల భాషలో మాట్లాడుతూ చేప కోసిపెట్టారు. ఆయన కత్తి వేగం చూసి వంటాయన మిగతా వాళ్ళని పిలిచాడు. ఆయన నవ్వుతూనే ఉన్నారు. మిగతావాళ్ళు డైవ్‌కి వెళ్తుంటే మాత్రం తల ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక నేను పక్కన కూర్చున్నాను.

"బావగారూ, నిన్నటి సంగతి..."

"వదిలేయండి బావగారూ. నిన్నటి సంగతి నిన్నే అయిపోయింది."

"ఆవిడకి నేను చెబుతాను."

"ఏం చెప్తారండీ? వద్దు." ఆయన కత్తి కింద పెట్టారు. "ఈ పడవ దిగితే ఆవిడెవరో, మనం ఎవరం. నన్ను నాలుగు మాటలంటే నాకేం ఊడిపోద్దండి? రేవులో అంతకన్నా పెద్ద మాటలు పడ్డాను. మీరు అట్టా కాదు కదా. రేపు ఇంటికెళ్ళాక ఆ పడవలో వియ్యంకుడి మూలంగా తల దించుకున్నానని మీకుంటే, అమ్మాయి మీ ఇంట్లో తిరిగే పిల్లండి. కడుపుతో ఉంది."

చేప ముక్కల మీద ఈగలు తోలుతూ, మామూలుగా చెప్పారు. దెప్పడానికి అన్నది కాదు.

మూడేళ్ళలో నేను కోడల్ని ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ అననని నాకు తెలుసు. ఆయనకి తెలియదు. తెలిసేలా నేనేం చేశానని చూసుకుంటే ఒక్కటి కూడా గుర్తు రాలేదు. బస్సు సంగతి గుర్తొచ్చింది. బెల్టు మీద నుంచి వెనక్కి తీసుకున్న చెయ్యి గుర్తొచ్చింది. నేను కోపగించుకుంటే ఆ కోపం తన కూతురి మీదకి పోతుందని ఆయన మూడేళ్ళుగా భయపడుతూ, ఆ భయాన్నే జోకులుగా మార్చి నాకు వినిపిస్తున్నారు. నేను వాటికి నవ్వుతున్నాను.

సాయంత్రం ఒక ఊరున్న దీవి పక్కకి వచ్చేసరికి ఫోన్లు పలికాయి. కూతురు ఆయనకి చేసింది. స్పీకర్ లేకపోయినా ఆయన మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి. "బ్రహ్మాండంగా ఉందమ్మా... ఆఁ, తింటున్నాను... లేదమ్మా, రేపు దిగటం లేదులే, కాళ్ళు నొప్పిగా ఉన్నాయి... మీ మామయ్యగారే కదా నన్ను చూసుకుంటుంది. చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూస్తున్నారు."

నేను పాపసంకీర్తనానికి వెళ్ళే మనిషిని. చిన్నప్పటినుంచీ గుణదలలో మోకాళ్ళ మీద కూర్చుని, చేసిన తప్పులు తెర అవతల ఉన్న ఫాదర్‌కి చెప్పుకునేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక ఇదీ చెప్పుకోవచ్చని ఆ సాయంత్రం నిజంగానే అనుకున్నాను. అక్కడ ఒక సౌకర్యం ఉంది. ఎవరికి తప్పు చేశామో వాళ్ళు అక్కడ ఉండరు. వాళ్ళు పోగొట్టుకున్నది వాళ్ళకి తిరిగి రాదు. టేకులు వచ్చేది మర్నాడు పొద్దున. ఇంటికెళ్ళాక చెప్పుకుంటే నాకు మనశ్శాంతి వస్తుంది. ఆయనకి ఏమీ రాదు.

మర్నాడు ఆరు గంటలకి గైడ్ తెల్ల బోర్డు మీద నీళ్ళ కింది దిబ్బ బొమ్మ గీసి, టేకులు ఏ వైపు నుంచి వస్తాయో చెబుతోంది. ఆరుగురూ కూర్చుని వింటున్నారు. ఆయన వెనక స్తంభానికి ఆనుకుని, దిగకపోయినా వినడానికి వచ్చి నిలబడ్డారు. మెడ చాచి బొమ్మ చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. ఇలాంటివి చెప్పడానికి ఎప్పుడూ వాడలేదు.

మొన్న సిలిండర్ తెరిచింది నేనని, సగం తెరిచి వదిలేసింది నేనని చెప్పాను. ఆయన ప్రతి డైవ్‌కీ ముందు నన్ను చూడడానికి వచ్చారని, ప్రతిసారీ నేనే చూడనివ్వలేదని చెప్పాను. నేను ఒక్కసారి కూడా ఆయన సామాను చూడలేదని చెప్పాను. ఆయన మర్చిపోలేదన్నాను.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఎందుకు చూడనివ్వలేదు?" అంది గైడ్.

వియ్యంకుడు అన్న మాటకి ఇంగ్లీషు నా దగ్గర లేదు. "ఈయన కూతురు నా కొడుకు భార్య. మా వైపు అబ్బాయి తండ్రిది పైచెయ్యి. నేను ఆ పైచెయ్యి ఇక్కడికి కూడా తెచ్చుకున్నాను," అన్నాను.

"మొన్న ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "మీరు ఈ రోజు దిగరు."

"సరే," అన్నాను.

"మీరు నాకు అబద్ధం చెప్పారు," అంది ఆయనతో. "అబద్ధం చెప్పేవాళ్ళని నేను దింపను."

ఆయన తలూపారు. ఆవిడ బోర్డు వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసింది.

"ఊపిరాడని మనిషి తంతున్నా వదలకుండా పట్టుకున్నారు. అది నేను కింద నుంచి చూశాను. అంత చేసిన మనిషి చెక్ ఎలా మర్చిపోతాడని రెండు రోజులుగా అనుకుంటున్నాను. ఇవాళ మీరు నాతో దిగుతారు. నా సామాను మీరు చూస్తారు. బకిల్ ఒక్కటి వదిలినా పైకి పంపేస్తాను."

బోర్డు దగ్గర నుంచి అందరూ లేచాక ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. ఆయనకి కోపం రావడం అప్పుడే చూశాను.

"ఏంటండీ ఇది? వద్దని చెప్పాను కదా. పదిమందిలో ఏంటండీ!"

"మీరు పదిమందిలోనే కదా మాట పడింది."

"మీ పరువు..."

"నా పరువుకీ అమ్మాయికీ సంబంధం లేదు బావగారూ. ఇక్కడా లేదు, ఇంటికెళ్ళినా లేదు. ఈ మాట పెళ్ళికి ముందే మీకు చెప్పాల్సింది."

ఆయన తల తిప్పి సముద్రం చూశారు. "సూట్ తొడుక్కోవాలి, టైం అవుతుంది," అని వెళ్ళిపోయారు.

వాళ్ళందరినీ తీసుకుని చిన్న పడవ దిబ్బ వైపు వెళ్ళింది. నాకు తేలిగ్గా అనిపించింది. ఆ తేలికదనాన్ని నేను పెద్దగా నమ్మలేదు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి అందరూ మెచ్చుకోలుగా చూస్తారు. ఆ ఆరుగురిలో ఒకాయన నాకు బొటనవేలు చూపించి వెళ్ళాడు. అది నాకు కొంచెం ఇష్టంగా ఉండడం కూడా గమనించాను. అందుకని, సిగ్నల్ ఇంకా ఉండడంతో, ఫోన్ తీసి కోడలికి చేశాను. అక్కడ మెచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

"మామయ్యా! ఏంటి పొద్దున్నే? నాన్న బాగానే ఉన్నారా?"

"బాగున్నారమ్మా. ఇప్పుడే దిగారు. టేకుల దగ్గరికి."

"కాళ్ళు నొప్పులన్నారుగా?"

"కాళ్ళు నొప్పుల్లేవు. అది నా మూలంగా అన్న మాట." అంతా చెప్పాను. ఊపిరి ఆడకపోవడం చెప్పేటప్పుడు, కడుపుతో ఉన్న పిల్ల కదా అని కొంచెం తగ్గించాను. మిగతాదేదీ తగ్గించలేదు. టీ సంగతి కూడా చెప్పాను.



"నాన్న అలాగే చేస్తారు మామయ్యా," అంది. "పెళ్ళిలో బస్సు కూడా అంతే కదా."

"అది నీకు తెలుసా?"

"బస్సులో మా చిన్నాన్న దగ్గర మీ మెసేజ్ ఉంది. టైం దాంట్లోనే ఉంది. నాన్న చూపించొద్దన్నారు."

మూడేళ్ళుగా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నాకు కాఫీ ఇచ్చింది, బెంగళూరు నుంచి ఫోన్ చేసి మందులు గుర్తు చేసింది. ఆ మెసేజ్ సంగతి తెలిసే అవన్నీ చేసింది.

"అది కూడా నా తప్పేనమ్మా," అన్నాను. "క్షమించు. మీ చిన్నాన్నకి నేనే ఫోన్ చేసి చెబుతాను."

"సరే మామయ్యా," అంది. క్షమించానని అనలేదు. "నాన్న పైకి రాగానే నాకు ఫోన్ చేయించండి."

చిన్నాన్నకి అప్పుడే చేశాను. ఆయన రేవులో ఉన్నాడు, వెనక వేలం కేకలు. నేను చెప్పింది సగం వినబడి, "ఏ బస్సండీ?" అన్నాడు. మళ్ళీ గట్టిగా చెప్పాను. "ఓ, అదా. మావాళ్ళు ఇప్పటికీ అంటుంటారులెండి, మా అన్న టైం తెలియని మనిషని," అని నవ్వాడు. అలా అనొద్దని, టైం తప్పు చెప్పింది నేనని, ఆ మాట వాళ్ళందరికీ చెప్పమని అడిగాను. "చెప్తాలెండి," అన్నాడు. చెప్పాడో లేదో ఊరికి వెళ్ళాక నేనే కనుక్కోవాలి.

గంట తర్వాత చిన్న పడవ తిరిగి వచ్చింది. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే సిలిండర్ కింద చెయ్యి పెట్టి బరువు తీసుకున్నాను. జాకెట్ బకిల్స్ విప్పాను. ఆయన ఒంటి మీద నేను చెయ్యి వేయడం అదే మొదటిసారి. 

ఫోన్ కలిపి ఇచ్చాను. "అమ్మా, చూశానమ్మా. చూశాను. మళ్ళీ చేస్తా, నోట మాట రావట్లేదు," అని పెట్టేశారు.

పడవలో ఎవరి సామాను వాళ్ళే మంచినీళ్ళ తొట్టిలో కడుక్కోవాలి. లేకపోతే ఉప్పు పట్టి పాడవుతుంది. ఆయన తన సూట్ తీసుకుని లేవబోయారు. నేను తీసుకున్నాను.

"అయ్యయ్యో, మీరేంటండీ! ఇటివ్వండి."

"కూర్చోండి బావగారూ."

"బాగోదండీ..."

"కూర్చుని చెప్పండి. ఎట్లా ఉంది?"

ఆయన తొట్టి పక్కన బల్ల మీద కూర్చున్నారు. నేను గొంతుక్కూర్చుని ఆయన జాకెట్ నీళ్ళలో ముంచాను.

"అది ఈదటం లేదండి. రెక్క ఇట్టా ఎత్తుద్ది, ఇట్టా దించుద్ది. తొందర లేదు దానికి. నాలుగొచ్చినయ్. ఒకటి నా నెత్తి మీదగా పోయిందండి, ఎండ మొత్తం కప్పేసింది. పొట్ట తెల్లగా, దాని మీద నల్ల మచ్చలు. చిన్న చిన్న చేపలు దాని నోట్లోకి దూరి శుభ్రం చేస్తన్నాయ్. అది నోరు తెరుచుకుని, సెలూన్లో కూర్చున్నోడి మాదిరి ఊరికే ఉంది. తోక చూశానండి. నిలువెత్తు తోక. మావాళ్ళు ముల్లుందని పడవలోనే నరికేసి తెచ్చేవాళ్ళు, నేనెప్పుడూ తోకతో చూళ్ళేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక రాయి వెనక కూర్చోబెట్టింది. కదలొద్దంది. నేనెందుకు కదుల్తానండి..."

ఆయన చెబుతూనే ఉన్నారు. నాకు మధ్యలో రెండు మూడు ప్రశ్నలు వచ్చాయి, అడగలేదు. జాకెట్ జాడించి తీగ మీద వేశాను. సూట్ తిరగేసి లోపలివైపు కడిగాను. మోకాలి దగ్గర నా కాలికి తొడిగిన రబ్బరు ఫిన్ తగిలి చీలిన చోట చూసి, దాని చుట్టూ జాగ్రత్తగా పిండాను. తర్వాత ఫిన్స్ తీసుకుని తొట్టిలో వేశాను. ఆయన తన తండ్రి గురించి చెప్పడం మొదలుపెట్టారు.